కరివేపాకు చెట్టు మీది పురుగూ, పిహెచ్.డి. సీటూ

ఈ పేజీలో మనం మామూలుగా వరకట్న హత్యల గురించో, పంచాయతీల్లో స్త్రీల ప్రాతినిధ్యం గురించో, కొత్తగా వచ్చిన చట్టంలోని లొసుగుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి జంతువుల రంగుల మీద జరిగే పరిశోధన గురించి, అందులో మన అమ్మాయిలకి ఉన్న అవకాశాల గురించి, అందకుండా పోతున్న అవకాశాల గురించి రాస్తున్నాను. “మనకి వేరే పనుల్లేవా?” అని మా సంపాదకవర్గంలోనే ఒకరు అడిగారు. పనులు చాలానే ఉన్నాయి. కానీ స్త్రీల హక్కులంటే దెబ్బలు తిన్నాక పోలీస్ స్టేషన్ గుమ్మం ఎక్కగలగడం ఒక్కటే కాదు కదా. సీతాకోకచిలుక రెక్క మీద మచ్చ ఎందుకుందో తెలుసుకోవడం కోసం అయిదారేళ్ళు ఫెలోషిప్పు తీసుకుంటూ, ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా గడపగలగడం కూడా హక్కే. మగవాళ్ళు ఆ హక్కుని తరతరాలుగా ఎవర్నీ అడక్కుండానే అనుభవిస్తున్నారు.

ఈ మధ్య మా ఆఫీసుకి ఒక అమ్మాయి వచ్చింది. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. చేతిలో ఒక ఇంగ్లండ్ విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రకటన ప్రింటు ఉంది. జంతువులు రంగులతో శత్రువు కళ్ళబడకుండా ఎలా దాక్కుంటాయో పరిశోధించడానికి పిహెచ్.డి. విద్యార్థులు కావాలని దాని సారాంశం. “అక్కా, ఇది నిజంగా చదువేనా? మా ఇంట్లో అందరూ నవ్వుతున్నారు” అంది. ఆమెకి చెప్పిన జవాబునే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను.

చదువే. పైగా అది మన పెరట్లోనే మొదలవుతుంది. కరివేపాకు కోయడానికి వెళ్ళినప్పుడు రెమ్మ మీద పిట్ట రెట్టలాంటిది కనబడితే ఆ రెమ్మని వదిలేసి పక్క రెమ్మ తుంచుకుంటాం. చాలాసార్లు అది రెట్ట కాదు, గొంగళిపురుగు. కరివేపాకు, నిమ్మ, బత్తాయి చెట్ల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకల పిల్ల. చిన్నప్పుడు గోధుమరంగు మీద తెల్ల మచ్చలతో అచ్చం రెట్టలా ఉంటుంది. పెరిగి చివరిసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారిపోయి ఆకుల్లో కలిసిపోతుంది. ఎందుకు మారుతుంది? అంత పెద్ద రెట్ట ఉండదు గనక పిట్ట నమ్మదు కాబట్టా? అలాగని ఊహించడం తేలికే. ఆ ఊహని పరీక్షకి నిలబెట్టడమే పరిశోధన. అందుకు కోట్ల రూపాయల యంత్రాలేమీ అక్కర్లేదు. పిండితో పురుగు బొమ్మలు చేసి, రకరకాల రంగులు వేసి చెట్లకి అతికించి, ఏ రంగు దాన్ని పిట్టలు ఎన్నిసార్లు పొడిచాయో లెక్కపెడతారు. 2005లో బ్రిస్టల్ పరిశోధకులు అచ్చువేసిన కాగితపు ముక్కలతో చిమ్మెట రెక్కలు చేసి, కింద ఒక చచ్చిన పురుగుని పెట్టి ఓక్ చెట్లకి గుచ్చారు. మచ్చలు రెక్క మధ్యలో ఉన్నవాటికంటే అంచుల్ని చీల్చినట్టు ఉన్నవి ఎక్కువసేపు పిట్టల బారిన పడకుండా మిగిలాయి. ఆకారం అంచు తెలియకపోతే వస్తువు తెలియదన్న మాట. కాగితం, గుండుసూది, ఓపిక ఉంటే చాలు. ఇలాంటి ఓర్పు పనులు ఆడవాళ్ళకి పుట్టుకతోనే వచ్చినట్టు ఇంట్లో చెబుతారు. ప్రయోగశాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

ఆ కరివేపాకు మీద పెరిగే వాటిలో ఒకటి కామన్ మార్మన్ అనే నల్లటి సీతాకోకచిలుక. దీనిలో మగవన్నీ ఒకే రకం. ఆడవి మూడు రకాలు. ఒక రకం మగవాటిలాగే ఉంటుంది. మిగతా రెండు రకాలూ ఈశ్వరి తీగ తిని విషం నింపుకునే వేరే రెండు జాతుల సీతాకోకచిలుకల వేషం కడతాయి. పిట్టలు ఆ విషపు జాతుల్ని ఒకసారి రుచి చూస్తే మళ్ళీ ముట్టవు, వేషం వేసుకున్నదీ దాంతో బతికిపోతుంది. ఒక్క జన్యువు, డబుల్‌సెక్స్ అని పేరు, ఈ వేషాన్ని నడిపిస్తోందని 2014లో తేలింది. ఆ బృందంలో బెంగళూరు ఎన్.సి.బి.ఎస్.లో పనిచేసే కృష్ణమేఘ్ కుంటే ఉన్నారు. వేషం ఆడదానికే ఎందుకు అవసరమైందన్న ప్రశ్న మాత్రం 1860లలో వాలెస్ లేవనెత్తినప్పటి నుంచీ నలుగుతూనే ఉంది. గుడ్ల బరువుతో మెల్లగా ఎగరాలి కాబట్టి ఆడదానికి రక్షణ ఎక్కువ కావాలన్నాడాయన. ఆడపిట్టలు మసక రంగుల్లో ఉండటానికి కూడా ఆయన చెప్పిన కారణం ఇలాంటిదే, బయటికి కనబడే గూడులో పొదగాలి గనక. డార్విన్ 1871లో దీన్ని ఇంకో వైపు నుంచి చూశాడు. ఆడది ఎంచుకుంటుంది గనకే మగవాడికి అన్ని రంగులు వచ్చాయన్నాడు. ఈ మాట ఆ కాలపు పెద్దమనుషులకి మింగుడు పడలేదు. ఆడపక్షికి అభిరుచా, ఎంపికా అన్నారు. వాలెస్ కూడా ఒప్పుకోలేదు. ఆ ఆలోచన దాదాపు వందేళ్ళు మూలన పడి ఉంది. సైన్సు తటస్థమైందని మనకి చెప్పేవాళ్ళు ఈ ఒక్క కథని వివరించాలి.

ఇదంతా పురుగుల గోలేనా, మనుషులతో సంబంధం లేదా అంటే, ఉంది. మాంచెస్టర్ చిమ్మెట కథ పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. బూడిద మచ్చల తెల్ల చిమ్మెటల్లో నల్లది మొదటిసారి 1848లో కనబడింది. 1895 నాటికి ఆ ఊళ్ళో నూటికి 98 నల్లవే. మిల్లుల పొగ చెట్ల బెరడుని నల్లబరిచింది, నల్ల బెరడు మీద తెల్ల చిమ్మెటని పిట్టలు ఏరుకు తిన్నాయి. 1956లో గాలి శుభ్రత చట్టం వచ్చాక తెల్లవి మళ్ళీ పెరిగాయి. 1950ల నాటి ప్రయోగాల మీద అనుమానాలు వస్తే, కేంబ్రిడ్జ్‌లో మైకేల్ మెజెరస్ 2001 నుంచి 2007 దాకా తన తోటలో 4,864 చిమ్మెటల్ని వదిలి లెక్క తేల్చాడు. పిట్టలే తింటున్నాయని, పాత కథ నిజమేనని రుజువైంది. మన పాఠాల్లో చెప్పనిదేమంటే, ఆ బెరడు మీద పేరుకున్న మసే ఆ మిల్లుల్లో పన్నెండేసి గంటలు పనిచేసిన ఆడవాళ్ళ, పిల్లల ఊపిరితిత్తుల్లోనూ పేరుకుంది. చిమ్మెట రంగు చూసి గాలి ఎంత చెడిందో చెప్పగల మనిషి కాలుష్యం మీద ఉద్యమించే మనకి పనికొచ్చే మనిషే.

మన నేల మీదా ఇలాంటి ప్రశ్నలు దిక్కులేకుండా పడి ఉన్నాయి. గుత్తి పేరు ప్రపంచంలో సాలెపురుగుల వాళ్ళందరికీ తెలుసు. 1899లో పొకాక్ అనే శాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక పెద్ద నీలం సాలీడుని లోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత వందేళ్ళ పాటు అది ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. కలప బండిలో గుత్తికి చేరిందే గానీ దాని ఇల్లు అక్కడే, పాత చెట్ల తొర్రల్లో. మెరిసే ఆ నీలం సాలీడుకి ఎందుకు? ఈ కుటుంబపు సాలీళ్ళలో నీలం రంగు కనీసం ఎనిమిదిసార్లు విడివిడిగా పుట్టిందని 2015లో ఒక బృందం చెప్పింది. వీటికి రంగులు సరిగా కనబడవు కాబట్టి జత కోసం వచ్చిన రంగు కాదని వాదించింది. కనబడవచ్చునని 2020లో ఇంకో బృందం ఎదురు చెప్పింది. విదేశాల్లో ఈ సాలీడుని గాజుపెట్టెల్లో పెంచుకుంటారు, కొంటారు, అమ్ముతారు. దాని సొంత జిల్లాల్లో దాని మీద పిహెచ్.డి. చేయడానికి ఎంతమంది అమ్మాయిలకి దారి ఉంది? ఇంకో సంగతి. ఆ అడవి తగ్గిపోవడానికి చెప్పే కారణాల్లో వంటచెరుకు కొట్టుకోవడం కూడా ఉంది. అంటే నింద తట్టమోపు మోసే ఆడమనిషి మీదికి వస్తుంది. ఆ తొర్రల దగ్గర రోజూ తిరిగే ఆమెని అడిగి రాసే పరిశోధన వేరుగా ఉంటుంది. ఆమెని నేరస్తురాలిగా చూపే పరిశోధన వేరుగా ఉంటుంది. ఎవరు రాస్తారన్నదానిమీద అది ఆధారపడి ఉంటుంది.

కడప లంకమల కలివికోడిదీ అదే కథ. ఎండుగడ్డి, ముళ్ళపొదల మధ్య గోధుమరంగులో కలిసిపోయే రాత్రి పిట్ట. 1900 తర్వాత అంతరించిందనుకున్నారు. 1986లో మళ్ళీ కనుక్కున్నది ఒక పరిశోధకుడే అయినా, దాన్ని పట్టి చూపించింది స్థానిక వేటగాడు. అడవి తెలిసినవాళ్ళ తెలివి లేకుండా ఈ శాస్త్రం ఒక్క అడుగు కదలదు. పట్టా మాత్రం వాళ్ళకి ఎప్పుడూ రాదు.

దసరా నాడు చూస్తే శుభమని మనం వెతుక్కునే పాలపిట్ట ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పక్షి. కూచున్నప్పుడు మట్టిరంగు, రెక్క విప్పితే నీలం. ఆ నీలం రంగు ఈకలో ఉన్న రంగు పదార్థం వల్ల రాదు. ఈక లోపలి సన్నని నిర్మాణం వెలుగుని చెదరగొట్టడం వల్ల వస్తుంది. దీని మీద 1930లలోనే వ్యాసం రాసినవాడు సి.వి. రామన్. అదే దశాబ్దంలో, 1933లో, కమలా భాగవత్ బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి.లో సీటు అడిగితే ఆడపిల్లలకి ఇవ్వనన్నవాడు కూడా ఆయనే. ఆమె పట్టు వదల్లేదు. చివరికి మొదటి ఏడాది పరీక్షగా ఉండాలన్న షరతు మీద చేర్చుకున్నారు. కమలా సొహోనీగా మనం గుర్తుపెట్టుకున్న ఆమె 1939లో కేంబ్రిడ్జ్ నుంచి డాక్టరేట్ తెచ్చుకుంది. రామన్ దగ్గర అయిదేళ్ళు వజ్రాల కాంతి మీద పనిచేసిన అన్నా మణి 1945లో సిద్ధాంత వ్యాసం ఇస్తే, ఎమ్మెస్సీ లేదన్న సాకుతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇవ్వలేదు. తర్వాత ఆమె దేశంలో వాతావరణ పరికరాల తయారీని నిలబెట్టింది. డిగ్రీ మాత్రం రాలేదు. రామన్ గొప్పవాడే. పాలపిట్ట ఈకలో వెలుగు ఎలా చెదురుతుందో చూడగలిగిన కన్నుకి ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి తెలివి ఎందుకు కనబడలేదో మనం అడగాలి.

ఇక ఇవాళ్టి సంగతికి వద్దాం. ఉన్నత విద్య మీద అఖిల భారత సర్వే ప్రకారం 2014-15లో దేశంలో పిహెచ్.డి. చేస్తున్న స్త్రీలు 0.48 లక్షలు. 2021-22 నాటికి 0.99 లక్షలయ్యారు, అంటే మొత్తంలో సగానికి కొంచెమే తక్కువ. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఇంట్లో పోట్లాడి, పెళ్ళి వాయిదా వేయించుకుని తెచ్చుకున్నది. జంతువుల రంగుల మీద, వాటి జీవావరణం మీద పనిచేయాలంటే బెంగళూరులో ఐ.ఐ.ఎస్‌సి. జీవావరణ కేంద్రం ఉంది, ఎన్.సి.బి.ఎస్. ఉంది, తిరువనంతపురం ఐజర్ ఉంది. మనకి దగ్గర్లో తిరుపతి ఐజర్, హైదరాబాదులో సి.సి.ఎం.బి. ఉన్నాయి. వీటికి చేరే దారి నెట్ జె.ఆర్.ఎఫ్. లేదా గేట్. 2023 జనవరి 1 నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకి 37,000 రూపాయలు, తర్వాతి దశలో 42,000. జె.ఆర్.ఎఫ్. వయోపరిమితిలో స్త్రీలకి 5 ఏళ్ళ సడలింపు ఉంది. పిల్లలు పుట్టాకో, మధ్యలో చదువు ఆగిపోయాకో తిరిగి రావాలనుకునే 27 నుంచి 45 ఏళ్ళ వాళ్ళ కోసం కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ వైజ్-పిహెచ్.డి. ఫెలోషిప్పు పెట్టింది. తల్లిదండ్రులకి ఒక్కగానొక్క ఆడపిల్ల అయితే సావిత్రిబాయి ఫూలే పేరుతో యు.జి.సి. ఫెలోషిప్పు ఉంది. ఇవన్నీ మన జిల్లా కాలేజీల నోటీసు బోర్డు దాకా రావు. జంతుశాస్త్రం వాళ్ళు రాయాల్సింది మామూలు యు.జి.సి. నెట్ కాదు, సి.ఎస్.ఐ.ఆర్. నెట్‌లో లైఫ్ సైన్సెస్ అని, గేట్‌లో ‘ఎకాలజీ అండ్ ఎవల్యూషన్’ అని విడిగా ఒక పేపరే ఉందని తెలియక ఏడాది పోగొట్టుకున్న అమ్మాయిల్ని నేను చూశాను.

2022 నవంబరులో వచ్చిన యు.జి.సి. పిహెచ్.డి. నిబంధనలు ప్రతి కార్యకర్తా ఒకసారి చదవాలి. మామూలు గడువు ఆరేళ్ళు. తిరిగి నమోదు చేసుకుంటే ఇంకో రెండు, స్త్రీలకి దాని మీద మరో రెండు, మొత్తం పదేళ్ళ దాకా. ప్రసూతికీ, పిల్లల సంరక్షణకీ 240 రోజుల దాకా సెలవు. పెళ్ళి వల్లో, మరో కారణం వల్లో ఊరు మారిన స్త్రీ తన పరిశోధన సమాచారాన్ని కొత్త విశ్వవిద్యాలయానికి తీసుకెళ్ళవచ్చు. ఈ వెసులుబాట్ల కోసం పోరాడినవాళ్ళలో మనమూ ఉన్నాం కాబట్టి వీటిని తక్కువ చేయను. కానీ ఆ చివరి నిబంధనలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, పెళ్ళయితే కదలాల్సింది ఆడదేనని అది ముందే ఒప్పేసుకుంది. రెండు, గైడుకి ఏదైనా సంస్థ ఇచ్చిన ప్రాజెక్టులో భాగమైన పని అయితే ఆ సమాచారం తీసుకెళ్ళడానికి వీల్లేదు. ఫీల్డు మీద ఆధారపడే జీవావరణ పరిశోధనలో చాలాభాగం అలాంటి ప్రాజెక్టుల డబ్బుతోనే నడుస్తుంది. మూడేళ్ళు అడవిలో లెక్కపెట్టిన పురుగులు అక్కడే ఉండిపోతాయి, అమ్మాయి అత్తగారి ఊరికి వెళ్తుంది.

ఫీల్డు అంటే గుర్తొచ్చింది. చిమ్మెటల పని రాత్రి పూట. తెల్లదుప్పటి కట్టి, దీపం పెట్టి, పది దాటాక కూచుని లెక్క రాసుకోవాలి. మన చాలా విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లల హాస్టల్ గేటు అంతకు ముందే పడిపోతుంది. మగవాళ్ళ హాస్టల్‌కి గేటు ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియను కూడా తెలియదు. 2015లో ఢిల్లీలో ‘పింజ్రా తోడ్’ అంటూ అమ్మాయిలు రోడ్డెక్కింది ఇలాంటి గేట్ల మీదే. భద్రత కోసమే అంటారు. భద్రత నిజంగా కావాల్సిన చోట ఏం జరుగుతోందో చూడండి. 2014లో అమెరికా పరిశోధకురాళ్ళు నలుగురు ఫీల్డులో పనిచేసిన 666 మందిని అడిగారు. అందులో 64 శాతం లైంగిక వేధింపుని ఎదుర్కొన్నామన్నారు. ఐదుగురిలో ఒకరికి పైగా తమ మీద దాడి జరిగిందన్నారు. స్త్రీల విషయంలో వేధించినవాళ్ళు ఎక్కువగా పై స్థానాల్లో ఉన్నవాళ్ళే. పులి వల్లో, పాము వల్లో ముప్పు అనుకుంటాం. ముప్పు జీపులో పక్కనే కూచుని వస్తుంది.

ఇక్కడ మన చేతిలో ఒక ఆయుధం ఉంది. వేధింపుల నివారణ మీద యు.జి.సి. చేసిన 2015 నిబంధనలు ‘క్యాంపస్’ అన్న మాటని విశ్వవిద్యాలయం ప్రహరీగోడ దగ్గర ఆపలేదు. ఫీల్డ్ ట్రిప్పులు, స్టడీ టూర్లు, ప్రయాణంలో వాడే వాహనాలు అన్నీ అందులోకి వస్తాయని రాసింది. అంటే నల్లమలలో జరిగినా, తలకోనలో జరిగినా అంతర్గత ఫిర్యాదుల కమిటీ “మా పరిధి కాదు” అని తప్పించుకోలేదు. ఒక విశ్వవిద్యాలయంలో మేము ఇదే కాగితం పట్టుకుని వెళ్తే, కమిటీ అధ్యక్షురాలు అప్పుడే మొదటిసారి ఆ పేరా చదివారు. ఆమెని తప్పుపట్టను. ఎవరూ ఆమెకి చెప్పలేదు.

విదేశాల సంగతి ఆ అమ్మాయి అడిగింది కాబట్టి క్లుప్తంగా. బ్రిటన్‌లో ఈ విషయం మీద ఎక్సెటర్, బ్రిస్టల్ లాంటి చోట్ల పని బాగా జరుగుతుంది. ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ ఇచ్చే స్టైపెండ్ 2025-26కి ఏడాదికి 20,780 పౌండ్లు. విదేశీ విద్యార్థులు ఆ సీట్లలో 30 శాతం మించకూడదని నియమం. ప్రకటనలో సీటు ఉందా, డబ్బు కూడా ఉందా అన్నది ముందు చూసుకోవాలి. డబ్బు లేని సీటంటే ఇంట్లోవాళ్ళు పొలం అమ్మాలన్న మాటే. ఆ పొలం కూతురి కోసం అమ్మరని మనకి తెలుసు. చిన్నపిల్లలున్న తల్లులకి ఒక్క మాట: 2024 జనవరి నుంచి అక్కడ మామూలు ఎమ్మెస్సీ విద్యార్థులు కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీల్లేదు గానీ, పిహెచ్.డి. వాళ్ళకి ఆ నిషేధం లేదు.

డబ్బు గురించే ఇంకొంచెం. పోటీ పరీక్ష నెగ్గి ఫెలోషిప్పు తెచ్చుకునేవాళ్ళు కొద్దిమంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివాళ్ళకి ఇచ్చేది నెలకి 8,000. దాన్ని కూడా 2015లో ఎత్తేయబోతే దేశమంతా విద్యార్థులు యు.జి.సి. ముందు కూచోవాల్సి వచ్చింది. మైనారిటీ విద్యార్థులకి ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్పుని 2022-23 నుంచి ఆపేశారు. వేరే పథకాలతో కలిసిపోతోందని చెప్పిన కారణం. పాతబస్తీ నుంచి పరిశోధన దాకా వచ్చిన ముస్లిం అమ్మాయికి ఆ కారణంతో మెస్ బిల్లు కట్టడం కుదరదు. దళిత, ఆదివాసీ అమ్మాయిల ఫెలోషిప్పులు నెలల తరబడి ఆలస్యమైనప్పుడు ముందు ఆగేది వాళ్ళ ఫీల్డు ప్రయాణాలే. కెమెరా, బైనాక్యులర్లు, జీపు అద్దె ఉన్న ఇంటి పిల్లలదే ప్రకృతి పరిశోధన అన్న ముద్ర ఇలాగే పడుతుంది. చెంచు గూడెంలో పుట్టిన అమ్మాయి ఈ విషయంలో డాక్టరేట్ చేస్తే ఆమెకి ఏ పిట్ట ఎక్కడ దాక్కుంటుందో ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పాల్సిందల్లా దరఖాస్తు ఎలా నింపాలో.

కాబట్టి జిల్లాల్లో పనిచేస్తున్న మన సంఘాలకి నా విజ్ఞప్తి ఇది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాదు కోఠి మహిళా విశ్వవిద్యాలయం మొదలుకొని మీ మండలంలో ఎమ్మెస్సీ ఉన్న ప్రతి కాలేజీ దాకా వెళ్ళండి. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చదివే అమ్మాయిలతో ఒక పూట కూచోండి. నెట్, గేట్ ఫీజు కట్టలేని వాళ్ళెవరో కనుక్కోండి. అంతర్గత కమిటీలో ఉన్నవాళ్ళకి ఆ 2015 నిబంధనల తెలుగు ప్రతి ఇవ్వండి. అనువాదం మా దగ్గర ఉంది, పోస్టు ఖర్చు పంపితే చాలు. ఫీల్డుకి వెళ్ళే ప్రతి అమ్మాయికీ తోడుగా ఆ ఊరి స్త్రీనే సహాయకురాలిగా, కూలి ఇచ్చి పెట్టుకునేలా ప్రాజెక్టు బడ్జెట్‌లో రాయమని గైడ్లని అడగండి. ఇది కొత్త గొంతెమ్మ కోరికేమీ కాదు, మగ సహాయకుడికి ఎప్పటి నుంచో ఇస్తున్నదే.

వచ్చే సంచిక నుంచి చివరి అట్ట లోపలి పేజీని ఫెలోషిప్పుల తేదీలకి కేటాయిస్తున్నాం. జూన్, డిసెంబరు నెట్ దరఖాస్తుల గడువు, ఫిబ్రవరి గేట్, ఐజర్ల ప్రవేశాలు అందులో ఉంటాయి. పరిశోధన మధ్యలో ఆపేయాల్సి వచ్చిన వాళ్ళు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో రాసి పంపండి. పేరు వద్దంటే వేయం.